గోలీ పోయినంత దూరం షికారీ పోలేడు

మా ఆపా కొడుకు టెక్సస్‌లో ఉద్యోగం చేస్తాడు. ఏటా నవంబర్‌లో దోస్తులతో కలిసి హిరన్ షికారుకి పోతాడు. మొన్న వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. కొత్త స్కోప్, 5 నుంచి 25 రెట్లు పెద్దగా చూపించేది. కింద ఒక సవాల్: “మామూ, దీంతో ఐదొందల గజాలు ఆరామ్‌గా కొట్టొచ్చంట. గోలీ ఏది మంచిదో నీకు తెలిసిన షికారీలని అడిగి చెప్పు.” ఆపా ఇప్పుడు వాడి దగ్గరే ఉంది. అదే రాత్రి ఆమె మెసేజ్ కూడా వచ్చింది: “వీడు తెచ్చే గోష్త్ వండాలా వద్దా, ఎవరైనా ఆలిమ్‌ని అడిగి చెప్పవా?”

తల్లీ కొడుకులు రెండు వేర్వేరు సవాళ్లు అడిగామనుకుంటున్నారు. నాకు రెండూ ఒకే మసలాగా కనిపించాయి. స్కోప్‌తోనూ గోలీతోనూ ఫాస్లా పెంచుకుంటూ పోతే, ఒక హద్దు దాటాక ఆ గోష్త్ మన దస్తర్‌ఖాన్ దాకా రావడమే కష్టమవుతుంది. అమెరికాలో పిల్లలున్న ఖాందాన్‌లు మనలో చాలా ఉన్నాయి కాబట్టి కొంచెం తఫ్సీల్‌గానే రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఇది అక్కడి ముచ్చట. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక షికార్ బంద్. నల్లమలలో ఫరహాబాద్, మెదక్ పక్కన పోచారం ఒకప్పుడు నిజాంల షికార్‌గాహ్‌లు, ఇప్పుడు అభయారణ్యాలు. టెక్సస్‌లో లైసెన్స్ తీసుకుని, సీజన్‌లో చేస్తే జాయెజ్ అయిన పని ఇక్కడ జుర్మ్. ఇది చదివి ఎవరూ దాదాల కాలం నాటి బందూక్ దుమ్ము దులపొద్దు.

నేను షికారీని కాదు, అఖ్బార్ మనిషిని. అయితే రెండేళ్ల కింద నవంబర్‌లో అక్కడ ఉన్నప్పుడు భాంజాతో పాటు మూడు రోజులు మంచె లాంటి ఆ డబ్బాలో కూర్చున్నాను. ఫైరింగ్ రేంజ్‌లో అరవై డెబ్బై ఏళ్ల బూఢే షికారీల పక్కన నిలబడి, కాగితం మీద వాళ్ల లెక్కలు రాసుకున్నాను. లెక్కలు చెప్పడంలో వాళ్లు మన మద్రసా ఉస్తాద్‌ల లాంటివాళ్లు. ఒకే సబఖ్ పదిసార్లు చెప్పిస్తారు.

మొదట ఇన్సాఫ్‌గా ఒప్పుకోవాల్సింది ఒప్పుకుందాం. సరైన గోలీ ఫాస్లా పెంచుతుంది, అబద్ధం కాదు. దీనికి మంచి మిసాల్ 30-30 అనే పాత లీవర్ రైఫిల్. అమెరికాలో తాతల నుంచి మనవల దాకా వచ్చిన బందూక్ అది. దాంట్లో గోలీలు నాలి కింద ఉన్న గొట్టంలో ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి. ముందున్న గోలీ అడుగున మందు అంటించే టోపీ ఉంటుంది. వెనక గోలీ మొన సరిగ్గా దానికి ఆనుకుంటుంది. మొన వాడిగా ఉంటే, పేల్చినప్పుడు వచ్చే ధక్కాకి గొట్టంలోనే పేలే ఖత్రా. అందుకే వందేళ్లకు పైగా ఆ బందూక్‌కి మొద్దు ముక్కు గోలీలే వాడారు. మొద్దు ముక్కు గాలిని చీల్చదు, తోసుకుంటూ పోతుంది. 150 గజాలు దాటేసరికి తేజీ పడిపోతుంది. 2000ల మధ్యలో హార్నడీ కంపెనీ మెత్తటి రబ్బరు లాంటి మొన పెట్టిన గోలీ తెచ్చింది. గొట్టంలో నొక్కుకుంటుంది, గాలిలో వాడిగా పోతుంది. అదే బందూక్‌తో, అదే మనిషి ఇంకో యాభై, డెబ్బై గజాలు భరోసాతో కొట్టగలిగాడు. దీన్ని నేను అసలైన తరక్కీ అంటాను. షికారీకి చాతనైన దూరం దాకా బందూక్‌ని తెచ్చింది కదా.

మా భాంజా దగ్గర ఉన్నది అది కాదు, 308. మామూలు 150 గ్రెయిన్‌ల గోలీ సెకనుకి 2800 అడుగుల తేజీతో బయల్దేరుతుంది. ఇలాంటి బందూక్‌కి స్కోప్‌తో ఒక సాదా హికమత్ ఉంది. 100 గజాల దగ్గర గోలీ రెండున్నర అంగుళాలు పైన తగిలేలా సర్దుకుంటే, దాదాపు 260 గజాల దాకా అది గురిపెట్టిన చోటికి మూడు అంగుళాలు పైనో కిందనో ఉంటుంది. హిరన్ గుండె, ఊపిరితిత్తులు ఉండే జాగా ఎనిమిది అంగుళాల పళ్లెం అంత. అంటే 260 గజాల దాకా ఏ లెక్కా చేయకుండా నేరుగా గురిపెట్టవచ్చు. దీనికి 25 రెట్ల స్కోప్ అక్కర్లేదు. 3 నుంచి 9 రెట్లది చాలు. బూఢే షికారీల బందూకుల మీద ఎక్కువగా కనిపించింది అదే.

ఆ తర్వాతే కథ మారుతుంది. 200 గజాలకి సర్దిన గోలీ 300 దగ్గర ఏడెనిమిది అంగుళాలు కిందికి దిగుతుంది. 500 దగ్గర మూడున్నర అడుగులకి పైనే. అక్కడ దూరం అందాజాలో పాతిక గజాలు తప్పితే గోలీ ఇంకో అర అడుగు అటూ ఇటూ అవుతుంది. సరే, దూరం కొలిచే లేజర్ యంత్రం ఉంది, స్కోప్ మీద తిప్పే గుండీలు ఉన్నాయి. ఆ మసలా తీరిపోయిందనే అనుకుందాం. గాలి? గంటకి పది మైళ్ల పక్కగాలి 100 గజాల దగ్గర గోలీని అంగుళం కూడా జరపదు. 500 దగ్గర అడుగుకు పైనే జరుపుతుంది. ఆ గాలి మనం కూర్చున్న చోట ఒకలా, మధ్యలో ఉన్న వాగు మీద ఒకలా, జాన్వర్ దగ్గర ఇంకోలా వీస్తుంది. దాన్ని కొలిచే అద్దం ఏ స్కోప్‌లోనూ లేదు.

గాలి కంటే నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది వఖ్త్. 500 గజాలు దాటడానికి గోలీకి సెకనులో మూడింట రెండు వంతులు పడుతుంది. చెవికి అది వెంటనే అనిపిస్తుంది. మేస్తూ మెల్లగా నడిచే హిరన్ గంటకి మూడు మైళ్ల చాల్‌తో ఉందనుకోండి. ఆ కాసేపట్లో అది దాదాపు మూడు అడుగులు ముందుకి పోతుంది. ఊపిరితిత్తుల మీద పెట్టిన గురి కడుపులో దిగుతుంది. కడుపులో తగిలిన హిరన్ పడిపోదు. పొదల్లోకి పారిపోయి గంటల తరబడి తడపుకుని చస్తుంది. గురి పెట్టినప్పుడు నిలబడే ఉందిగా అంటారు. నిజమే, కానీ మీరు మీట నొక్కాక అడుగు వేయొద్దని దానికి ఎవరు చెప్పారు? స్కోప్ దూరాన్ని నజర్‌కి దగ్గర చేస్తుంది, వఖ్త్‌ని చేయదు. 80 గజాల దగ్గర ఇదే గోలీ సెకనులో పదో వంతు కూడా తీసుకోదు.

పెద్ద స్కోప్‌కి ఇంకా కొన్ని ఐబ్‌లున్నాయి. దుకాణంలో ఎవరూ చెప్పనివి. హిరన్‌లు బయటికి వచ్చేది ఫజ్ర్ తర్వాత, మగ్రిబ్ ముందు, మసక వెలుతురులో. స్కోప్ నుంచి కంటికి చేరే వెలుగు కడ్డీ మందం ముందు అద్దం వెడల్పుని రెట్లతో భాగిస్తే వస్తుంది. 50 మిల్లీమీటర్ల అద్దం మీద 25 రెట్లు పెడితే రెండు మిల్లీమీటర్లే. మసకలో మన కనుపాప అయిదారు మిల్లీమీటర్లు తెరుచుకుని ఉంటుంది. అంటే పెద్దగా కనిపిస్తుంది గానీ చీకటిగా కనిపిస్తుంది. పైగా అన్ని రెట్లలో కనిపించే మేర 100 గజాల దగ్గర నాలుగైదు అడుగులే. పేల్చిన ధక్కాకి బందూక్ ఎగిరాక హిరన్ ఎటు పోయిందో కూడా కనపడదు. ఇంకో మాట: చాలా స్కోపుల్లో లోపల దించి కొట్టడానికి ఉండే గీతలు ఒక్క రెట్టు దగ్గరే, ఎక్కువగా అన్నిటికంటే పెద్ద రెట్టు దగ్గరే సరిపోతాయి. సగం రెట్లలో ఉంచి 400 గజాల గీత పెట్టి కొడితే అది 400 గజాల గీత కాదు. మెట్రో రైలు మ్యాప్ పట్టుకుని చార్మినార్ గల్లీల్లో తిరిగినట్టు.

ఇక గోలీ. ఇక్కడ ఒక ఫర్క్ మన పిల్లలు తెలుసుకోవాలి. నిషానా పోటీల గోలీ వేరు, షికార్ గోలీ వేరు. పోటీ గోలీ కాగితానికి చిల్లు పెడితే చాలు. షికార్ గోలీ లోపలికి పోయి పుట్టగొడుగులా విచ్చుకోవాలి. విచ్చుకోవడానికి దానికి తేజీ మిగిలి ఉండాలి. ఎక్కువ గోలీలకి అది సెకనుకి 1800 అడుగుల చుట్టుపక్కల. సాదా 150 గ్రెయిన్ గోలీ 500 గజాలు చేరేసరికి ఆ హద్దు కింద పడిపోతుంది. విచ్చుకోని గోలీ సన్నటి చిల్లు పెట్టి అటు నుంచి బయటికి పోతుంది. జాన్వర్ మాత్రం మరణానికి తొందరపడదు. దూరానికి తక్కువ తేజీలో కూడా విచ్చుకునే ఖాస్ గోలీలు చేస్తున్నారు, వాటిని కాదనను. అయితే వాటి మొన గురించి ఒక దిల్‌చస్ప్ విషయం. హార్నడీ వాళ్లు రాడార్‌తో పరీక్షిస్తే పాత ప్లాస్టిక్ మొనలు గాలి వేడికి దారిలోనే మెత్తబడి ఆకారం మారుతున్నాయని తేలింది. వేడికి తట్టుకునే కొత్త మొన చేయాల్సొచ్చింది. ఏళ్ల తరబడి వాడిన గోలీ దారిలో ఏమవుతుందో చేసినవాళ్లకే రాడార్ చెప్పాల్సొచ్చిందంటే, మంచె మీది కుర్రాడికి ఐదొందల గజాల మీద అంత యఖీన్ ఎక్కడిది?

అమ్మీలకి ముఖ్యమైనది సీసం. మామూలు గోలీ లోపల సీసం, పైన రాగి తొడుగు. ఎముకకి తగిలితే కంటికి కనపడని తునకలై గోష్త్‌లో దూరం దాకా చెదురుతుంది. 2008లో నార్త్ డకోటాలో, గరీబులకి ఖైరాత్‌గా ఇచ్చిన హిరన్ ఖీమాలో ఈ తునకలు బయటపడి, ఆ గోష్త్ పంచొద్దని చెప్పాల్సొచ్చింది. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి షికార్‌కి సీసం గోలీ మనా. చిన్న పిల్లలు, హామిలా ఔరతులు ఉన్న ఇంటికి వచ్చే గోష్త్‌కి నా మష్వరా నేరుగా ఒకటే: మొత్తం రాగితో చేసిన గోలీ వాడమనండి. అయితే రాగి సీసం కంటే గట్టిది, విచ్చుకోవడానికి ఎక్కువ తేజీ కావాలి. 1800 నుంచి 2000 అడుగులు. అంటే 308లో మూడున్నర వందల గజాలు దాటితే భరోసా పోతుంది. పిల్లల సేహత్ కోసం ఎంచుకున్న గోలీయే దగ్గరికి పొమ్మంటోంది.

ఇప్పుడు ఆపా సవాల్. ఫత్వా ఇవ్వడం నా పని కాదు. ఉలమా ఏమన్నారో మాత్రం రాస్తాను, మీ మహల్లా ఆలిమ్‌ని అడిగి తేల్చుకోండి. షికార్ మసలాలకి పెద్ద బునియాద్ హాతిం తాయీ కొడుకు అదీ (రజి) రసూలుల్లా (స) ని అడిగిన సవాళ్లే. బాణం మొన గుచ్చుకుని చస్తే తినవచ్చు, అడ్డంగా తగిలిన దెబ్బకి చస్తే తినకూడదు. బాణం తగిలి నీళ్లలో పడి చస్తే వదిలేయాలి, ఎందుకంటే చంపింది బాణమో నీళ్లో తెలియదు. బందూక్ వచ్చాక ఇదే ఉసూల్ మీద ఇఖ్తిలాఫ్ మొదలైంది. సీసం గోలీ గుచ్చుకుని చంపుతుందా, దెబ్బతో చంపుతుందా? డమాస్కస్‌లో హనఫీ ఫఖీహ్ ఇబ్నె ఆబిదీన్ దానికి పదును లేదు, మంటతో బరువుతో చంపుతుంది, కాబట్టి హలాల్ కాదన్నారు. దాదాపు అదే కాలంలో యెమెన్‌లో ఇమామ్ షౌకానీ అది ఒళ్లు చీల్చుకుని పోతుంది, కాబట్టి హలాలేనన్నారు. ఒకరు 1836లో, ఇంకొకరు 1834లో వఫాత్ అయ్యారు. దాదాపు రెండొందల ఏళ్ల నుంచి ఈ చర్చ నడుస్తూనే ఉంది. వాడి మొన గోలీల మీద తర్వాతి ఆలిమ్‌లు ఇంకా మాట్లాడారు.

మన తెలుగు ముసల్మానుల్లో ఎక్కువమంది హనఫీలం. మన పెద్దలు చెప్పే ఎహ్తియాత్ ఇది: బిస్మిల్లా చెప్పి పేల్చాలి, జాన్వర్ జాన్ ఉండగా చేరుకుని జబీహా చేయాలి. ఇప్పుడు పైన చెప్పిన గజాలు మళ్లీ చూడండి. ఊపిరితిత్తుల్లో తగిలిన హిరన్ కొద్ది సెకన్లలో, మహా అయితే నిమిషం రెండు నిమిషాల్లో చస్తుంది. 80 గజాలైతే కత్తి తీసుకుని పరుగెత్తే మనిషికి ఒక ఆశ ఉంది. 500 గజాలంటే అర కిలోమీటరుకి కొంచెం తక్కువ. ముళ్ల పొదల్లో, బందూక్ ఖాళీ చేసుకుని జాగ్రత్తగా నడిస్తే ఏడెనిమిది నిమిషాలు. మంచి గురి పడితే వెళ్లేసరికి చచ్చి ఉంటుంది. చెడ్డ గురి పడితే బతికే ఉంటుంది కానీ అక్కడ ఉండదు. ఆ ఫాస్లా దగ్గర హనఫీ జబీహాకి జాగా ఎక్కడ? షౌకానీ రాయ్ తీసుకున్నా రెండో షర్త్ ఉంది, చంపింది మన దెబ్బే అని తెలియాలి. రాత్రంతా పొదల్లో పడి ఉండి, మర్నాడు కయోటీ తోడేళ్లు కొరికాక దొరికిన దాని మీద ఆ మాట ఎవరు చెప్పగలరు? వెతకడం ఆపకుండా వెంటపడాలని కూడా ఫిఖ్హ్ కితాబుల్లో ఉంది. అర కిలోమీటరు అవతల అది ఏ పొద దగ్గర నిలబడిందో కూడా గుర్తుపట్టలేని వాడు ఎక్కడి నుంచి వెతకడం మొదలుపెడతాడు?

ఇంకో మాట కూడా హదీస్‌లో ఉంది. ప్రాణం ఉన్న దాన్ని నిషానా పలకగా పెట్టుకోవడం మనా. వెయ్యి గజాల నుంచి ఎల్క్‌ని కొట్టి యూట్యూబ్‌లో పెట్టే వీడియోలు చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. అక్కడ గోష్త్ కోసం ఆకలి లేదు, దూరం నంబర్ కోసం ఆకలి ఉంది.

ఇది మన మౌల్వీ సాబ్‌ల సనక్ అనుకునేవాళ్లకి: గోరీ షికారీలూ ఇదే ఫిక్ర్‌లో ఉన్నారు. 1887లో థియోడర్ రూజ్‌వెల్ట్ మొదలుపెట్టిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ జాన్వర్‌కి తప్పించుకునే మౌకా ఉండాలనేదాన్నే ఉసూల్‌గా పెట్టుకుంది. మరీ దూరం నుంచి కొట్టడం ఆ ఉసూల్‌కి ఖిలాఫ్ అని వాళ్లూ అంటున్నారు. ఐడహో రాష్ట్రంలో పెద్ద జాన్వర్‌ల షికార్‌కి 16 పౌండ్ల కంటే బరువైన బందూక్ వాడకూడదు. అంత బరువు బందూక్ చేసేదే చాలా దూరం కొట్టడానికి కదా. మన కుమావూఁ కొండల్లో కార్బెట్ సాబ్ వాడిన 275 రిగ్బీ గుర్తుందా? 1907లో చంపావత్ ఆడపులిని చంపినందుకు ఇనామ్‌గా ఇచ్చారు. దాని మీద స్కోప్ లేదు. ఆయన హునర్ అంతా దగ్గరికి చేరడంలో ఉండేది.

మరి ఎంత దూరం? దీనికి దుకాణదారు జవాబు అక్కర్లేదు, ఒక కాగితం ప్లేట్ చాలు. ఎనిమిది అంగుళాల బిర్యానీ ప్లేట్ తీసుకుని 100 గజాల దగ్గర పెట్టండి. బల్ల మీద ఇసుక సంచులు పెట్టుకుని కాదు, షికార్‌లో కూర్చునేలా కూర్చుని అయిదు గోలీలు కొట్టండి. అయిదూ ప్లేట్‌లో పడితే ఇంకో 50 గజాలు వెనక్కి జరపండి. ఒక్కటి బయట పడ్డ దగ్గర ఆగండి. దాని ముందు మజిలీయే మీ హద్దు. బల్ల మీద 500 గజాల దగ్గర అయిదు అంగుళాల గుత్తి వేసే బందూక్, మోకాలి మీద, ఊపిరి ఎగపోస్తూ కొడితే పది పదిహేను అంగుళాలు చెదురుతుంది. ప్లేట్ ఎనిమిదే. రేంజ్‌లో నేను చూసిన కుర్రాళ్లలో ఎక్కువమంది 200 దగ్గర ఆగిపోయారు. వాళ్ల స్కోపులు 1000 దాకా లెక్క చెబుతాయి.

నా రాయ్ ఇంతే: ఆ స్కోప్ పైసలు వాపసు తీసుకోమనను. దాన్ని 5 రెట్ల దగ్గర ఉంచి, రాగి గోలీతో, 150 గజాల లోపు పని ఇంకా పక్కాగా చేయడానికి వాడమంటాను. ఐదొందల గజాల షౌఖ్ తీరకపోతే ఉక్కు పలకలు ఉన్నాయి, టంగ్‌మని మోగుతాయి, గాలిని చదవడం నేర్పుతాయి, దేనికీ నొప్పి పుట్టదు.

అమ్మీలారా, పిల్లలు ఫ్రీజర్‌లో గోష్త్ ప్యాకెట్ పెట్టి మురిసిపోతున్నప్పుడు మూడు మాటలు అడగండి. ఎంత దూరం నుంచి కొట్టావు బేటా? నువ్వు చేరేసరికి జాన్ ఉందా? గోలీ సీసమా, రాగా? నాలుగోది షికారుకి బయల్దేరే ముందే అడగండి: కత్తి నడుముకి ఉందా, బండిలో ఉందా అని. చాలామందికి అది బండిలోనే ఉంటుంది.